కల్లములో తొలి కుంచము

హైదరాబాదునకు తూర్పు దిక్కున మూసీ వంతెన దాటి మూసారాంబాగ్ చేరిన బాటసారికి ఒక వైపున మలక్‌పేట గంజును, వేరొక వైపున దిల్‌సుఖ్‌నగర్ మీదుగా లాల్ బహదూర్ నగర్ కూడలికిని, అచ్చటినుండి నల్లగొండ సూర్యాపేటలకును సాగిపోవు రాజమార్గమును కానవచ్చును. రెండవ నిజాము కొలువులో సేనానియై యుండి 1798లో మరణించిన ఫ్రెంచి దేశీయుడు రేమండు పేర వెలసిన ఈ పేటలో నేడు మెట్రో రైలు నిలయమును, బట్టల దుకాణములును, పరీక్షలకు చదువుకొను బాలబాలికల వసతిగృహములును క్రిక్కిరిసి యున్నవి. అయినను ఈ మార్గము ప్రధానముగా పంటల మార్గము. నల్లగొండ సీమ ధాన్యము నగరమునకు ఈ దిక్కునుండియే వచ్చెను. ఆ ధాన్యమును గూర్చిన తగవులును ఈ దిక్కుననే చెలరేగెను. కల్లములో రాశి పోసిన పిమ్మట తొలి కుంచము ఎవరికి కొలువవలెను? దున్నినవాని యింటికా, దొర గడీకా, సర్కారు గోదామునకా? ఈ ప్రశ్నకు పాలకులు చెప్పిన సమాధానమును బట్టియే గడచిన రెండు శతాబ్దులలో ప్రపంచమున కోట్లాది ప్రాణములు నిలుచుటయో రాలుటయో సంభవించినదని నేను నమ్ముచున్నాను.

తెలుగువారు తమ కరువులను సంవత్సర నామములతో జ్ఞాపకముంచుకొనిరి. నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు సీమను పొట్టనబెట్టుకొన్న కరువు నందన కరువు. డొక్కలు మాత్రమే మిగిలిన మానవులను చూచి దానినే డొక్కల కరువనియు పిలిచిరి. ఐదు లక్షల జనము గల ఆ జిల్లాలో లక్షన్నరకు తక్కువ కాకుండ జనము మరణించిరని ఆనాటి లెక్కలు చెప్పుచున్నవి. వానలు వెనుదీసిన మాట నిజమే. కాని కృష్ణానది ఆ సీమను ఒరసికొనియే పారుచుండెను. చెరువులు పూడిపోయినను పట్టించుకొనక శిస్తును మాత్రము తప్పక రాబట్టిన కంపెనీ ప్రభుత్వము, మగ్గము కూలి సాలెవాని చేతిలో కాసు లేకుండ పోయిన కాలము, ఈ రెండును వానలేమికి తోడుపడినవి. ఈ విపత్తును చూచిన తరమువారు బ్రతికి యుండగనే ఆర్థరు కాటన్ గోదావరిపై ధవళేశ్వరమున ఆనకట్టను 1852 నాటికి పూర్తి చేయించుటయు, పిమ్మట మూడేండ్లకు కృష్ణపై బెజవాడ ఆనకట్ట లేచుటయు జరిగెను.

ఆ కాలపు గ్రామమునకు తన రక్షణోపాయములు తనకుండెను. గట్టి నేలలో గొయ్యి త్రవ్వి, గోడలకు గడ్డి పేర్చి, జొన్నలు పోసి పైని మట్టితో మూసివేయు పాతర వానిలో ప్రధానమైనది. గాలి సోకని పాతరలో జొన్న కొన్ని యేండ్లవరకు చెడదు. ఒక యేడు పండకపోయినచో పాతర తీయుదురు. రెండవ యేడును పండకపోయినచో విత్తనములు మిగుల్చుకొని తక్కినది పంచుకొందురు. ఇండ్లలో గుమ్ములు, గాదెలు సరేసరి. ఈ నిలువలు సమానముగా ఉండెడివని చెప్పుట అసత్యమగును. సంపన్నుని పాతర నిండుగాను, పాలేరు కుండ ఒట్టిగాను ఉండుట ఆనాడును కలదు. అయినను ధాన్యము ఊరిలో ఉండెను, ఎచ్చట ఉన్నదో ఊరివారు ఎరుగుదురు. శిస్తును ధాన్యరూపమున గాక రొక్కముగా, గడువు తప్పకుండ చెల్లింపవలసిన విధానము వ్యాపించిన కొలది రైతు కల్లములోనే పంటను అమ్మివేయుటయు, ఊరి నిలువ రేవు పట్టణములకు తరలుటయు అధికమాయెను.

ధాత నామ సంవత్సరమున, 1876లో, మొదలై 1878 వరకు దక్షిణాపథమును దహించిన మహాక్షామమునందు ఈ మార్పు ఫలము సంపూర్ణముగా బయటపడెను. మదరాసు, బొంబాయి, మైసూరు, హైదరాబాదు ప్రాంతములను పట్టిన ఆ కరువులో ఏబది లక్షలకు మించి జనము నశించిరి. ఆ కథలో సర్ రిచర్డు టెంపుల్ అను ఉద్యోగి చరిత్ర మిక్కిలి శోచనీయమైనది. 1873-74లో బీహారునందు కరువు వచ్చినపుడు అతడు బర్మానుండి బియ్యమును విరివిగా తెప్పించి పంచిపెట్టగా ఆకలిచావులు దాదాపు లేకుండ పోయెను. అందులకు ప్రశంస రావలసియుండగా, డబ్బు దుబారా చేసెనని దొరతనమువారు అతనిని నిందించిరి. ఆ నింద అతని మనస్సులో నాటుకొన్నది కాబోలు. మూడేండ్ల పిమ్మట మదరాసు రాజధానికి క్షామ పరిశీలకుడై వచ్చినపుడు అతడు కరువు పనులలో రాళ్లు కొట్టువానికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని నిర్ణయించెను. ఆ కూటితో కష్టజీవి బ్రతుకజాలడని మదరాసు ఆరోగ్యశాఖాధిపతి డాక్టరు కార్నిష్ ఘోషించెను. గవర్నరు బకింగ్‌హాం ముందుగానే ముప్పదివేల టన్నుల ధాన్యము కొనిపించియుండగా, వర్తకములో సర్కారు వేలుపెట్టరాదని వైస్రాయి లిట్టను ప్రభుత్వము అతనిని మందలించెను. 1877 జనవరి ఒకటవ తేదీన ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా చాటు దర్బారు మహావైభవముగా జరుగుచుండగా, బళ్లారి కడప కర్నూలు సీమల బాటలవెంట జనము రాలిపోవుచుండిరి.

అప్పుడు ప్రభుత్వము ధాన్యమును ముట్టుకొనుటకు నిరాకరించి ప్రజలను చంపెను. ఇరువదవ శతాబ్దమున ప్రభుత్వములు ధాన్యమంతయు తామే పట్టుకొని ప్రజలను చంపుట నేర్చినవి. ఈ రెండును పరస్పర విరుద్ధములుగా కన్పట్టినను, పంటను ఎంత తీసుకొనవలెనో ఎంత విడువవలెనో నిర్ణయించువారికి ఆకలి లేకుండుటయు, ఆకలిగలవానికి ఆ నిర్ణయములో నోరు లేకుండుటయు రెంటికిని మూలము.

మన నేలపై ఈ రెండవ పద్ధతి రెండవ ప్రపంచయుద్ధముతో వచ్చెను. బర్మా జపాను వశమై అచ్చటి బియ్యము ఆగిపోయెను. 1943లో వంగదేశమున లక్షలాది జనము ఆకలికి ఆహుతియైరి. పట్టణములలో ధరలు మండిపోవుచుండెను. నిజాము ప్రభుత్వము నగరమునకును సైన్యమునకును కావలసిన ధాన్యమునకై పల్లెలపై లెవీ విధించెను. లెవీ గల్లా యన్న మాట వినినంతనే గ్రామములలో గుండెలు జారెడివని ఆ తరమువారు చెప్పుచుండిరి. నిర్ణయమైన ధరకు, అనగా బజారు ధరకంటె చాల తక్కువకు, నిర్ణయమైన పరిమాణమున ధాన్యమును రైతు సర్కారునకు అప్పగింపవలెను. కాగితముపై చూచినచో ఇది న్యాయముగానే యున్నది: ఎక్కువ భూమి గలవాడు ఎక్కువ ఇచ్చును, వచ్చిన ధాన్యము చౌకదుకాణములలో నగరపు బీదవారికి చేరును. కాని ఆ కాగితమును వ్రాయువాడు పట్వారీ. దగ్గరుండి కొలిపించువాడు మాలీ పటేలు. వారిరువురును దొరకు లోబడినవారు.

అందుచేత వేలాది ఎకరములు గల దేశముఖుల లెక్కలో పంట ఎండిపోయినట్లును, నాలుగెకరముల రైతు లెక్కలో పుట్లకొలది పండినట్లును నమోదగుచుండెను. లెవీకి చాలని రైతు దొరవద్దనే వడ్లు నాగుకు తెచ్చి సర్కారునకు కొలిచెను. నాగు అనగా ఒక పుట్టి తీసికొన్నవాడు పంటకాలమున పుట్టిన్నర ఇచ్చుకొనవలసిన అప్పు. ఇట్లు ఒకే కల్లమునుండి దొర రెండుమారులు తీసికొనుటయు, సర్కారు ఒకమారు తీసికొనుటయు జరిగెను. దాచిపెట్టిన దొర ధాన్యము దొంగబజారునకు పోయి ఇబ్బడి ముబ్బడి ధర తెచ్చెను. లెవీని చిన్న రైతులపై గాక భూస్వాములపై వసూలు చేయవలెనని, పల్లెలలో సంఘమని పిలువబడిన ఆంధ్రమహాసభ కోరిన కోరికలో ఎంత మితత్వమున్నదో గమనింపవలెను. రావి నారాయణరెడ్డి అధ్యక్షతన 1944లో భువనగిరిలో ఆ సభ జరిగిన పిమ్మట సంఘము గ్రామగ్రామమునకు వ్యాపించుటకు వెట్టిచాకిరితో సమానముగా ఈ లెవీ బాధయు కారణమాయెను.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన పొలముపై పండిన పంటను విస్నూరు దేశముఖు కాజేయబూనినపుడు సంఘము కార్యకర్తలు తామే కోతకోసి వడ్లను ఆమె యింటికి చేర్చిన ఘట్టము తెలంగాణలో తెలియనివారు లేరు. దొర మనుషులు రాకముందు ఆమె కల్లమునుండి ధాన్యము ఆమె గుమ్మి చేరుటయే ఆ పోరాటపు అర్థమంతయు. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొర గూండాల తుపాకికి దొడ్డి కొమరయ్య బలియైన పిమ్మట ఆ జ్వాల నల్లగొండ, వరంగల్లు జిల్లాలను చుట్టుముట్టెను. మూడువేల గ్రామములలో పది లక్షల ఎకరములు పంచితిమని ఉద్యమనాయకులు లెక్క చెప్పిరి. 1948 సెప్టెంబరులో భారతసైన్యము వచ్చి నిజాము పాలన అంతరించిన పిదప 1949లో జాగీరులు రద్దాయెను, 1950లో కౌలుదారుల చట్టము వచ్చెను. కాని పంచిన భూములలో చాలభాగము తిరిగి పాత యజమానుల పాలాయెను, సాయుధపోరాటమును కొనసాగెను.

ఇచ్చట మన తెలుగునేలకును రష్యా దేశమునకును నడుమ ఒక సూటి సంబంధము కలదు. 1951 ఫిబ్రవరిలో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య అను ఇరువురు తెలుగు కమ్యూనిస్టు నాయకులు, అజయ్ ఘోష్, డాంగేలతో కూడి రహస్యముగా మాస్కో చేరి స్టాలినును కలిసికొని తెలంగాణ పోరాట భవిష్యత్తును చర్చించిరి. ఆ సంవత్సరము అక్టోబరులో పోరాటము విరమింపబడెను. ప్రాణములకు తెగించిన ఆ నాయకుల త్యాగము శంకింపరానిది. అయినను కల్లములోని వడ్లు దున్నినవానికే చెందవలెనని పోరాడిన రైతుల తరపున వెళ్లినవారు సలహా కోరినది, దున్నినవాని కల్లమును కడగింజవరకు ఊడ్పించిన పాలకునే యన్న సంగతి తలచుకొన్నపుడెల్ల నా మనస్సు బరువెక్కును. ఆనాటికి ఆ వృత్తాంతము మనవారికి తెలియు మార్గము చాల సన్నము. పిమ్మటి సంవత్సరములలో తెలుగున వచ్చిన 'సోవియట్ భూమి' పత్రికలో మన తండ్రుల తరమువారు చూచినవి ట్రాక్టరులును, గోధుమ చేలును, నవ్వుచున్న కోల్‌ఖోజు, అనగా సమష్టి క్షేత్రపు, స్త్రీలును మాత్రమే.

ఆ దేశమున జరిగినదానిని మొదటినుండి చెప్పవలెను. విప్లవము వెనువెంటనే అంతర్యుద్ధము రాగా బోల్షెవిక్కు ప్రభుత్వము పట్టణములను పోషించుటకై సాయుధదళములను పల్లెలకు పంపి మిగులు ధాన్యమును బలవంతముగా తీయించెను. మిగులు ఎంతయో నిర్ణయించినది దళమే గనుక రైతు తన తిండికి మించి విత్తుట మానెను. దానిపై అనావృష్టి రాగా 1921-22లో వోల్గా సీమలో ఏబది లక్షల జనము మడిసిరి. లెనిను అపుడు వెనుకకు తగ్గి, రైతు ముందుగా నిర్ణయమైన పన్నును ధాన్యరూపమున చెల్లించి తక్కినది తన యిచ్ఛానుసారము అమ్ముకొనవచ్చునని శాసించెను. ఆ కొలదిపాటి మార్పుతోనే కొన్ని సంవత్సరములలో సేద్యము తేరుకొన్నది. తాను ఇంత ఇచ్చినచో మిగిలినది తనదే యను నమ్మకము కలిగినంతమాత్రాన రైతు నాగలి పట్టెను.

1928 నాటికి స్టాలిను దృష్టి మహాపరిశ్రమలపై పడెను. యంత్రములు కొనుటకు విదేశద్రవ్యము కావలెను. విదేశద్రవ్యమునకు గోధుమలను ఎగుమతి చేయవలెను. రెండున్నర కోట్ల రైతు కుటుంబముల ఇష్టముతో ఆ గోధుమ అనుకొన్న ధరకు రాదు. అందుచేత 1929 చివరనుండి కమతములన్నిటిని కలిపి సమష్టి క్షేత్రములుగా మార్చుట ఆరంభమాయెను. దీనికి ఎదురుచెప్పినవాడు కులక్, అనగా ధనికరైతు, అనిపించుకొనెను. రెండావులు, ఒక కూలివాడు ఉన్నవాడును కులకే. పొరుగువానికి కంటగింపైనవాడును కులకే. 1930-31లో పదునెనిమిది లక్షల జనమును ఇండ్లనుండి వెడలగొట్టి సైబీరియాకును, ఉత్తరపు అడవులకును తరలించిరి. తమ పశువులను ఉమ్మడి దొడ్డికి తోలుటకు మనసొప్పని రైతులు వానిని కోసికొని తినిరి. కొన్ని యేండ్లలో ఆ దేశపు గుఱ్ఱములును, ఆవులును సగమునకు తరిగిపోయెను. ట్రాక్టరులు ఆ లోటు తీర్చునంతగా రాలేదు. దున్నుటకు పశువు లేదు, పశువును పోషించు మెలకువగల రైతు సైబీరియాలో నున్నాడు. అయినను ప్రణాళికలో పంట పెరుగుచునే యుండెను.

1931లో పంట తగ్గినను ఏబది లక్షల టన్నులకు పైబడి ధాన్యము ఓడలకెక్కెను. మరుసటి యేడు యుక్రెయిను పల్లెలు తమకు విధించిన వంతును చెల్లింపలేకపోయినపుడు, అది అశక్తత గాదు, దాచివేత యని మాస్కో తీర్మానించెను. 1932 ఆగస్టు 7వ తేదీ శాసనము ప్రకారము సమష్టి క్షేత్రపు సొత్తు అపహరించినవానికి మరణదండన. దయదలచినచో పదేండ్ల చెర. కోత కోసిన పొలములో రాలిన వెన్నులేరుకొన్న తల్లులును ఆ శాసనమునకు చిక్కిరి. మన పల్లెలలో కోతలైన మడిలో పరిగ ఏరుకొనుట బీదరాలి హక్కుగా అనాదినుండి చెల్లుచున్నది. దొరలు సైతము సాధారణముగా దానిని దొంగతనమనరైరి. వంతు తీరని గ్రామముల పేర్లు నల్లపలకలపై నెక్కెను. అట్టి ఊళ్లకు ఉప్పు, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు సైతము పోనీయరైరి. దళములు ఇనుప చువ్వలతో నేలను పొడిచి పాతరలను వెదకినవి. 1933 జనవరిలో యుక్రెయిను, కుబాను రైతులు తమ సీమలు విడిచి పోరాదని ఆజ్ఞ వెలువడగా రైలు నిలయములవద్ద పట్టుబడినవారిని తిరిగి ఊళ్లకే పంపిరి. వలసపోవుట కరువు బాధితుని చిట్టచివరి ఉపాయము. పాలమూరు కూలీ సంగతి ఎరిగిన మనకు ఇది వివరింపనక్కరలేదు. ఆ ద్వారమును మూయుట ఎంత క్రూరకర్మమో కరువు కాలమందు వలసపోయి ప్రాణము నిలుపుకొన్న ఏ కుటుంబమైనను చెప్పగలదు.

ఆ చలికాలమును పిమ్మటి వసంతమును కలిపి యుక్రెయినులో ఇంచుమించు ముప్పదియైదు నుండి నలువది లక్షలు, కజకస్తానులో పదమూడు నుండి పదునైదు లక్షలు, యావద్దేశమున ఏబది నుండి డెబ్బది లక్షల జనము అసువులు బాసిరని చరిత్రకారుల అంచనా. యుక్రెయినువారు దీనిని హొలొదొమోర్ అని స్మరించుచున్నారు. గారెత్ జోన్సు అను యువ పాత్రికేయుడు 1933 మార్చిలో కాలినడకను ఆ పల్లెలలో తిరిగి వచ్చి నిజము చాటగా, మాస్కోలో సుఖాసీనులైన కొందరు ప్రసిద్ధ విలేఖరులే అది అబద్ధమనిరి. 1937 జనాభా లెక్కలలో జనము అనుకొన్నదానికంటె చాల తక్కువగా తేలగా ఆ లెక్కలను తొక్కిపెట్టి, లెక్కించిన శాస్త్రజ్ఞులను నిర్బంధించిరి. ఆకలికంటెను ఈ మౌనము మరింత ప్రాణాంతకమని నా అభిప్రాయము. ఏలయన ఆకలి యున్నచోటికి కూడు పంపవచ్చును, చావులే లేవనిన ప్రభుత్వమునకు కూడు పంపువాడెవడు?

చీనా కథ ఇంతకంటె విపులమైనను సారమొక్కటే. 1958లో ఆ దేశమందలి పల్లెలన్నియు ఇరువదియారువేలకు పైగా కమ్యూనులుగా కూర్పబడెను. ఇండ్లలో పొయ్యిలార్పి ఉమ్మడి భోజనశాలలు తెరచిరి. రైతులను కోతలు విడిపించి ఉక్కు కొలుములకు పంపిరి. ఆ యేడు నిజముగా పండినది ఇరువది కోట్ల టన్నులు కాగా, పైవారి మెప్పుకై ఒకరినొకరు మించి వ్రాసిన అధికారుల లెక్కలో అది ముప్పదియేడున్నర కోట్లాయెను. పండని ధాన్యముపై వసూలు వంతు వేసినపుడు తీయవలసినది తినుచున్న గిన్నెలోనిదే. 1959 వేసవిలో లూషాను సభయందు ఈ సంగతి ఎత్తిచూపిన సేనాపతి పెంగ్ దెహువాయి పదవీచ్యుతుడాయెను. అప్పటినుండి నోరు మెదపినవాడు లేడు. మూడేండ్లలో మృతులైనవారి సంఖ్య కోటిన్నరయని తక్కువగా లెక్కించువారును, నాలుగున్నర కోట్లని ఎక్కువగా లెక్కించువారును కలరు. ఇరువదేండ్ల పిమ్మట, 1978లో, అన్‌హువీ రాష్ట్రపు షావోగాంగ్ గ్రామమున పదునెనిమిదిమంది రైతులు రహస్యముగా ఒక కాగితముపై వ్రేలిముద్రలు వేసి తమ ఉమ్మడి భూమిని ఇంటింటికి పంచుకొనిరి: సర్కారు వంతు చెల్లింతుము, మిగిలినది మాది యని దాని భావము.

ఈ దావానలము మనలను తాకకుండ పోయినది గాని, దాని వేడి తగులకపోలేదు. 1956లో మన ప్రభుత్వము చీనాకు పంపిన రెండు వ్యవసాయ బృందములు అచ్చటి సహకార సేద్యమును చూచి ముగ్ధులై వచ్చెను. ఒక బృందములో ఇరువురు సభ్యులు మాత్రము అసమ్మతి వ్రాసిరి. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ, దేశమందలి సేద్యమునకు భావిరూపము ఉమ్మడి సహకార సేద్యమేనని నెహ్రూ ప్రేరణతో తీర్మానించెను. దానిని ఎదిరించినవారిలో అగ్రగణ్యుడు మన నిడుబ్రోలు వాస్తవ్యుడు ఆచార్య రంగా. రైతుకూలీ పాఠశాలలు నడపి, జమీందారీ వ్యతిరేకోద్యమములో ముందు నిలిచిన ఆ రైతుబిడ్డ, చిన్న కమతమును దున్నుకొను కుటుంబమునకు స్వేచ్ఛయే ఆస్తి యని వాదించి, కాంగ్రెసును విడిచి, ఆ సంవత్సరమే రాజాజీతో కలిసి స్వతంత్రపక్షమును స్థాపించి దానికి తొలి అధ్యక్షుడాయెను. రాజాజీ 1952లో మదరాసు ముఖ్యమంత్రిగా ఆహారధాన్యములపై నియంత్రణలను ఎత్తివేసినవాడు. అదే కాలమున రాయలసీమ కరువుతో అల్లాడుచుండగా గంజి కేంద్రములు తెరువవలసివచ్చెను గనుక, నియంత్రణ తొలగించుటతోనే ఆకలి తీరునని అనుకొనుటయు పొరపాటే. నెహ్రూ సదుద్దేశమును నేను శంకింపను. చీలికలు పేలికలైన కమతములను చూచి కలుపవలెనని తోచుట సహజము. కాని రంగా గెలుచుట మన అదృష్టము. ఆ తీర్మానము చట్టసభలలోను, పత్రికలలోను, రచ్చబండలవద్దను చర్చకు వచ్చి, బలవంతము కూడదన్న మాట నలువైపులనుండి లేవగా మెల్లగా అణగిపోయెను. ఎదిరించినవాడు సైబీరియాకు పోలేదు, పార్లమెంటులోనే కూర్చుండెను. స్వతంత్రమైన పత్రికలును ఎన్నికలును గల దేశమున మహాక్షామము రాదని అమర్త్య సేన్ చేసిన సిద్ధాంతమునకు ఇదియొక తార్కాణము.

అట్లని ధాన్యములో సర్కారు చేయి అక్కరలేదా? లాల్ బహదూర్ నగర్ ఎవరి పేర వెలసినదో ఆ శాస్త్రిగారు 1964 జూనులో ప్రధాని యగునాటికి దేశము అమెరికా గోధుమ ఓడలకై ఎదురుచూచుచుండెను. సోమవారము రాత్రి భోజనము మానవలసినదిగా ఆయన ప్రజలను అర్థించెను. ముందుగా తన యింట మానిపించి పిమ్మట అర్థించెను. ఆజ్ఞాపించుటకు అధికారమున్నవాడు అర్థించుటలోని భేదము గమనింపదగినది. ఆయన కాలముననే, 1965లో, భారత ఆహార సంస్థయు, రైతునకు గిట్టుబాటు ధర సూచించు సంఘమును ఏర్పడెను. ధర ముందుగా చాటి, ఇచ్చినవానివద్ద కొని, గోదాములో నిలువజేసి, చౌకదుకాణములద్వారా పంచుట ఈ పద్ధతి. మన రాష్ట్రమున 1983లో కిలో రెండు రూపాయల బియ్యము దీనిపై ఆధారపడియే వచ్చెను. లెవీయను మాట మాత్రము చాలకాలము మిగిలెను; రైతుపైనుండి మిల్లులపైకి మారి, 2015లో గాని తొలగలేదు. నేడు నల్లగొండ మార్గమున ఊరూర మహిళాసంఘములు నడుపు కొనుగోలు కేంద్రములలో వడ్లు ఆరబోసికొని వానకు భయపడుచు వారములకొలది కాచియుండు రైతు, తేమ పేరను తరుగు పేరను బస్తాకు ఇన్ని కిలోలని కోతపెట్టు లెక్కను ప్రశ్నింపలేకున్నాడు. కొలువువాని చేతిలో రైతు నోరు మూతపడుట అంతటితో పోలేదు.

సమష్టి సేద్యమే దోషమనుకొనువారు ఒక్కమారు జహీరాబాదు ప్రాంతమునకు పోయి చూడవలెను. అచ్చటి పస్తాపురము కేంద్రముగా దక్కను డెవలప్‌మెంటు సొసైటీ 1980ల నుండి పని చేయుచున్నది. దాని గ్రామ సంఘములలో అత్యధికులు దళిత స్త్రీలు. కూలికి పోయి బ్రతికిన వారు పదిమంది చేరి భూమిని కౌలుకు పట్టి, కలిసి దున్ని, కలిసి కోసి, పంటను సమముగా పంచుకొనిరి. చేరుమని ఎవరును బలవంతపెట్టలేదు, వైదొలగుటకు అడ్డులేదు. 1990ల నడుమ వీరు మరియొక పని తలపెట్టిరి. రేషను దుకాణములో వచ్చు బియ్యము తమ నేల పంట కాదు. తమ జొన్న చేలు బీళ్లుపడుచున్నవి. అందుచేత ఆ బీళ్లను సాగుచేయు రైతునకు అప్పు ఇచ్చి, ఆ అప్పును రొక్కముగా గాక జొన్నల రూపమున కొన్ని యేండ్లలో తిరిగి తీసికొని, ఊరిలోనే నిలువజేసి, ఎండకాలము వెళ్లి వానలు పడువరకు పనులు దొరకని దినములలో బీద కుటుంబములకు తక్కువ ధరకు ఇచ్చుట ఆరంభించిరి.

వీరి పద్ధతిలో నన్ను మిక్కిలి ఆకర్షించినది నిలువ గాదు, జాబితా. ఎవరు బీదవారో నిర్ణయించుటకు వారు పట్వారీ కాగితమును అడుగలేదు. ఊరి నడుమ నేలపై ముగ్గుతో వాడవాడలు గీసి, ఇంటింటి స్థితిగతులను అందరియెదుట చెప్పించి, ఎవరికి ఎన్ని నెలలు గ్రాసము చాలదో అచ్చటనే తేల్చిరి. అక్షరము రానివారును ఆ ముగ్గును చదువగలరు. ఒకరి లెక్క తప్పినచో పక్కనున్న ఆమె లేచి కాదనును. ఎవరికి ఎన్ని మానికల జొన్నలు చెందవలెనో ఆ స్త్రీలే కొలిచి ఇచ్చిరి, లెక్క తప్పినదని తోచినపుడు మరల ముగ్గు వేయించిరి.